చెరువు నీళ్ల మీద పీహెచ్‌డీ: ముందు షిండ్లర్ ఏం చేశారో చూడండి

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ: ఎమ్మెస్సీ డిసర్టేషన్ కోసం మీ ఊరి చెరువు నీళ్లు ఏడాదిపాటు నెలకోసారి తీసి, పీహెచ్ మొదలుకొని క్లోరైడ్ దాకా 18 అంశాలు కొలిచారు. నీటి నాణ్యత సూచిక లెక్క కడితే ‘పూర్’ అని వచ్చింది. నీళ్లు పచ్చగా ఉన్నా ఫాస్ఫేట్ దాదాపు సున్నా వచ్చింది కాబట్టి ‘పోషకాల సమస్య లేదు’ అని ముగించారు. పీహెచ్‌డీకి ఇదే పని ఇంకో రెండు చెరువుల మీద చేయమని గైడ్ గారు అంటున్నారు. ఈ రంగంలో బతుకు వెళ్తుందా, ఎవరి కెరీర్ చూసి నేర్చుకోవాలి అని మీ ప్రశ్న.

బతుకు వెళ్తుంది. ఆ 18 గడుల పట్టికను ఇంకో రెండు చెరువులకు సాగదీస్తే మాత్రం డిగ్రీ వస్తుంది, రంగం రాదు. ఏళ్ల తరబడి నీళ్ల ల్యాబుల్లో పనిచేసి, థీసిస్‌లు దిద్ది, వైవాలకు కూర్చున్నవాణ్ని కాబట్టి కాస్త మొహమాటం లేకుండా చెబుతున్నాను. జ్వరం ఎంతుందో చూసి, కాగితం మీద రాసి, ఇంటికెళ్లిపోయే డాక్టరు లాంటిది ఆ పట్టిక. చెరువు ఎందుకు పచ్చబడింది, ఏది ఆపితే తేటబడుతుంది అన్న ప్రశ్న అందులో లేదు. ఆ ప్రశ్నను జీవితాంతం వదలకుండా పట్టుకున్న మనిషి కెరీర్ చూడాలంటే నా ఓటు సరస్సుల శాస్త్రజ్ఞుడు డేవిడ్ షిండ్లర్‌కి.

షిండ్లర్ 1940లో అమెరికాలో, నార్త్ డకోటాలోని ఫార్గోలో పుట్టారు. పెరిగింది పక్కనున్న మిన్నెసోటాలో. కాలేజీలో మొదట వెళ్లింది ఇంజినీరింగ్ దారిలో. సెలవుల్లో ఒక సరోవర శాస్త్రజ్ఞుడి ల్యాబులో చిన్న ఉద్యోగం దొరికింది. అక్కడ ఆహారపు గొలుసుల మీద పనిచేసిన ఆవరణ శాస్త్రజ్ఞుడు చార్ల్స్ ఎల్టన్ రచనలు చదివి దారి మార్చుకున్నారు. రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్లి ఆ ఎల్టన్ దగ్గరే పనిచేసి 1966లో డాక్టరేట్ తీసుకున్నారు. ఆ తర్వాత కెనడా. రెండేళ్లు ట్రెంట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 1968లో కెనడా ప్రభుత్వ మత్స్య పరిశోధన బోర్డులో చేరారు.

అప్పటికి ఈరీ సరస్సు గొడవ నడుస్తోంది. అమెరికాకు, కెనడాకు మధ్యనున్న మహా సరస్సుల్లో ఒకటది. 1960లలో పాచి కట్టి, కుళ్లి, ఒడ్డుకు కొట్టుకొస్తుంటే ‘ఈరీ చచ్చిపోయింది’ అని పత్రికలు రాశాయి. దోషి ఎవరు? పట్టణాల మురుగు, పొలాల ఎరువు, వీటితో పాటు బట్టల సబ్బుపొడి. అప్పట్లో డిటర్జెంట్లలో ఫాస్ఫేట్ దండిగా కలిపేవారు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టి ఉంచి మురికి బాగా వదిలేలా చేసేది అదే. ఫాస్ఫరస్ తగ్గించాలని ఒక వర్గం శాస్త్రవేత్తలు అంటే, నాచు పెరుగుదలను నిర్ణయించేది ఫాస్ఫరస్ కాదు, కార్బన్ అని ఇంకో వర్గం వాదించింది. ఆ రెండో వాదన సబ్బు కంపెనీలకు ప్రాణం లేచొచ్చినట్టయింది. మురుగులోంచి వచ్చే కార్బన్‌ను సబ్బుపొడి మీద రుద్దలేరు కదా.

కార్బన్ వాదన గాల్లోంచి పుట్టింది కాదని గమనించండి. సరస్సు నీళ్లు సీసాల్లో పట్టి, ఒకదాంట్లో ఫాస్ఫరస్, ఒకదాంట్లో నైట్రోజన్, ఒకదాంట్లో కార్బన్ కలిపి, కొన్ని రోజులు వెలుతురులో ఉంచి, ఏ సీసాలో నాచు ఎక్కువ పెరిగిందో చూసేవారు. కొన్నిచోట్ల కార్బన్ కలిపిన సీసాయే గెలిచింది. ప్రయోగం శుభ్రంగానే జరిగింది, అంకెలూ సరైనవే. అంకెలు సరిగ్గా ఉండి కూడా జవాబు తప్పు ఎలా అవుతుందో ఈ కథ చెబుతుంది. అందుకే మీకు ఇది చెబుతున్నాను.

కెనడాలోని అంటారియో రాష్ట్రం వాయవ్య మూలన, కెనోరా పట్టణానికి దగ్గర్లో, అడవిలో చిన్న చిన్న సరస్సులు కొన్ని ఉన్నాయి. మనుషులు లేరు, మురుగు లేదు. ఈ సరస్సుల మీదే ప్రయోగాలు చేద్దామని బోర్డు అనుకుంది. దాని పేరు ఎక్స్‌పెరిమెంటల్ లేక్స్ ఏరియా. తర్వాత 58 సరస్సులు దాని కిందికొచ్చాయి. వాటికి పేర్లు లేవు, నంబర్లే. 28 ఏళ్ల షిండ్లర్ చేతికి ఆ ప్రాజెక్టు వచ్చింది. 1989 దాకా ఆయనే నడిపించారు.

మొదటి పెద్ద ప్రయోగం 227వ నంబరు సరస్సు. విస్తీర్ణం సుమారు 5 హెక్టార్లు, అంటే మన లెక్కలో పన్నెండెకరాల పైచిలుకు. మన ఊళ్లలో అయితే కుంట అంటాం. అడుగంతా గ్రానైట్ రాయి కాబట్టి నీటిలో కరిగిన కార్బన్ చాలా తక్కువ. దాన్ని ఎంచుకున్నది కూడా అందుకే. కార్బన్ వాదన నిజమైతే ఈ సరస్సులో నాచు పెరగనే కూడదు. 1969 నుంచి వారం వారం పడవలో వెళ్లి నైట్రేట్, ఫాస్ఫేట్ కలిపారు. కార్బన్ మాత్రం చిటికెడు కూడా వేయలేదు. సరస్సు ఆకుపచ్చగా మారిపోయింది. ఆ నీటినే సీసాలో పట్టి పరీక్షిస్తే ‘కార్బన్ తక్కువైంది’ అనే జవాబు! సరస్సులో మాత్రం నాచు పెరుగుతూనే ఉంది.

గుట్టు గాలిలో ఉంది. నాచు నీటిలోని కార్బన్ డయాక్సైడ్ తినేసినకొద్దీ గాలిలోంచి అది నీటిలోకి దిగుతుంది. ఎంత వేగంగా దిగుతోందో రాడాన్ వాయువు సాయంతో కొలిచి చూపించారు. సీసాకు మూత ఉంది, ప్రయోగం కొద్ది రోజులదే. సరస్సుకు మూత లేదు, దానికి వేసవి అంతా టైముంది. ఫాస్ఫరస్‌కు అలాంటి దారి లేదు, గాలిలో దాని వాయురూపం నిల్వ లేదు. కాబట్టి లోపలికి ఎంత వస్తే అంతే.

దీని మీద కూడా వాదించారు. అప్పుడు వచ్చింది 226వ సరస్సు. రెండు బుగ్గల్లా ఉండి నడుమ సన్నగా ఉంటుంది అది. 1973లో ఆ సన్నటి చోట నైలాన్ బట్టతో బలపరిచిన వినైల్ తెర కట్టారు. నీటిపైన తేలేలా, అడుగున మట్టిలోకి, రెండు ఒడ్డులకూ అతుక్కునేలా బిగించారు. రెండు వైపులా కార్బన్, నైట్రోజన్ కలిపారు. ఫాస్ఫరస్ ఒకవైపే. వారాల్లోనే ఆ వైపు పచ్చటి పాచి, ఇటువైపు మామూలు నల్లటి నీళ్లు, మధ్యలో గీత గీసినట్టు తెర. విమానంలోంచి తీసిన ఆ ఫొటో నీటి శాస్త్రంలోనే అత్యంత ప్రసిద్ధమైన బొమ్మ. వెతికి చూడండి, ఆ రంగు తేడా మాటల్లో చెబితే తెలిసేది కాదు. 1974లో ఈ ఫలితాలు సైన్స్ పత్రికలో వచ్చాయి.

అంతకుముందే, 1972లో, అమెరికా, కెనడాలు మహా సరస్సుల నీటి నాణ్యత ఒప్పందం చేసుకుని ఫాస్ఫరస్ తగ్గింపునకు పూనుకున్నాయి. కెనడా సబ్బుపొడుల్లో ఫాస్ఫేట్‌కు పరిమితి పెట్టింది. మురుగు శుద్ధి కేంద్రాల్లో ఫాస్ఫరస్ తీసేయడం మొదలైంది. ఈరీ తేరుకుంది. ఇటీవలి దశాబ్దాల్లో పొలాల నుంచి వచ్చే ఫాస్ఫరస్‌తో పశ్చిమ భాగంలో పాచి మళ్లీ తిరగబెట్టింది. 2014లో ఒహాయోలోని టొలీడో నగరం కుళాయి నీళ్లు తాగొద్దని జనానికి చెప్పాల్సి వచ్చింది. అంటే ఆ పోరు ఒకసారి గెలిచి వదిలేసేది కాదు.

ఇక నైట్రోజన్ సంగతి. ఫాస్ఫరస్‌తో పాటు నైట్రోజన్‌నూ తగ్గిస్తే మరింత మంచిది కదా అని మీకు అనిపించి ఉంటుంది. 227వ సరస్సులో 1975 నుంచి నైట్రోజన్ తగ్గించారు, 1990 నుంచి పూర్తిగా ఆపేశారు, ఫాస్ఫరస్ మాత్రం కలుపుతూ పోయారు. నాచు తగ్గలేదు. గాలిలోని నైట్రోజన్‌ను పట్టి వాడుకోగల సయనోబాక్టీరియా (నీలి-ఆకుపచ్చ నాచు) రంగంలోకి దిగింది. అలా దొరికిన ఒక జాతికి అఫానిజోమెనాన్ షిండ్లెరీ అని ఆయన పేరే పెట్టారు. ఎవరు పాచి రాకుండా ఆపాలని జీవితమంతా పనిచేశారో పాచికి ఆయన పేరే! మా రంగంలో జోకులు ఈ స్థాయిలోనే ఉంటాయి. 37 ఏళ్ల ఆ రికార్డును 2008లో ప్రచురించి, నైట్రోజన్ తగ్గించి సరస్సును బాగుచేయలేరని తేల్చి చెప్పారు.

దీన్ని అందరూ ఒప్పుకోలేదు. సముద్రం అంచున ఉండే నీటికి నైట్రోజనే ముఖ్యమని, రెంటినీ తగ్గించాల్సిందేనని వాదించేవాళ్లు ఉన్నారు. అదే 227వ సరస్సు అంకెలు తీసుకుని, గాలి నుంచి పట్టిన నైట్రోజన్ లోటును పూర్తిగా పూడ్చలేదని లెక్క చూపినవాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు మంచినీటి సరస్సుల విషయంలో షిండ్లర్ చెప్పింది చాలావరకు నిలుస్తుందనిపిస్తుంది, కానీ ఉష్ణమండలపు లోతులేని చెరువులకు దాన్ని యథాతథంగా అతికించడానికి నేను సిద్ధంగా లేను. ఎందుకో కింద చెబుతాను. ఆయనను విమర్శించినవాళ్లకు ఆయుధంగా పనికొచ్చింది కూడా ఆయన కూర్చిన అంకెలే. దశాబ్దాల పాటు ఒకే పద్ధతిలో కొలిస్తేనే అలాంటి అంకెలు ఉంటాయి.

ఆమ్లవర్షాల పని క్లుప్తంగా చెబుతాను, దాంట్లో ఒక్క విషయం మీకు బాగా పనికొస్తుంది. 1976 నుంచి 223వ సరస్సులో సల్ఫ్యూరిక్ ఆమ్లం కొంచెం కొంచెంగా కలుపుతూ, కొన్నేళ్లలో పీహెచ్‌ను 6.8 దగ్గర్నుంచి 5 దాకా దించారు. పీహెచ్ 5 దగ్గరికొస్తే గానీ ట్రౌట్ చేపలకు ప్రమాదం లేదని అంతకుముందు ట్యాంకుల్లో చేసిన పరీక్షలను బట్టి అనుకునేవారు. సరస్సులో జరిగింది వేరు. పీహెచ్ 6 కంటే కాస్త దిగగానే ట్రౌట్ తినే చిన్న రొయ్యలాంటి జీవి మైసిస్ మాయమైంది, ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిరుచేప పిల్లలు పెట్టడం మానేసింది. ట్రౌట్ చావలేదు, కానీ తిండి లేక ఎముకల గూడైంది. ఆమ్లం చేపను తాకకముందే చేప పళ్లెం ఖాళీ చేసింది. ఎల్టన్ శిష్యుడికి ఆహారపు గొలుసు కాక ఇంకేం కనిపిస్తుంది! మీ పట్టికలో 18 రసాయనాల గడులున్నాయి, జీవుల గడి ఒక్కటీ లేదు. రసాయనం ‘అనుమతించిన పరిమితిలో’ ఉన్నా చెరువులో ఎవరు తగ్గిపోతున్నారో చూడకపోతే ముందు వచ్చే హెచ్చరిక మీకు అందదు.

1989లో ఆయన అల్బెర్టా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1991లో స్టాక్‌హోమ్ వాటర్ ప్రైజ్ మొదటిసారి ఇచ్చినప్పుడు అది ఆయనకే వచ్చింది. పెద్ద బహుమతి వచ్చాక కమిటీల్లో కూర్చుని కాలం గడిపేవాళ్లను మనం చాలామందిని చూశాం. ఆయన అథబాస్కా నది దగ్గరికి వెళ్లారు. అల్బెర్టాలో ఇసుకలోంచి తారులాంటి బిట్యుమెన్ తీసి శుద్ధిచేసే పెద్ద పరిశ్రమ ఉంది. నదిలో కనిపించే కలుషితాలు ఒడ్డున సహజంగా కోసుకుపోయే బిట్యుమెన్‌వే అన్నది అప్పటి ధోరణి. కాలుష్యాన్ని కొలిచే కార్యక్రమానికి డబ్బు పెట్టేది కూడా పరిశ్రమే. ఎరిన్ కెల్లీ మొదటి రచయితగా షిండ్లర్ బృందం 2009, 2010ల్లో రెండు పత్రాలు ప్రచురించింది. వాళ్లు నది నీళ్లతో ఆగలేదు, చలికాలం చివర మంచును తవ్వి తీశారు. చలికాలమంతా గాలిలోంచి పడినదంతా మంచు పొరల్లో నిల్వ ఉంటుంది. మంచు అడుగున ఉన్న ఒడ్డు మట్టికీ దానికీ సంబంధం లేదు. శుద్ధి కేంద్రాలకు దగ్గరైన కొద్దీ మంచులో కలుషితాలు పెరిగాయి, దాదాపు 50 కిలోమీటర్ల దాకా ఆ ప్రభావం కనిపించింది. ‘సహజమే’ అన్న వాదనకు అక్కడితో ఊపిరి ఆడలేదు. ప్రభుత్వాలు నిపుణుల కమిటీలు వేసి, 2012లో కొత్త పరిశీలన పథకం ప్రకటించాయి.

ఎక్కడ తీస్తే ఎదుటివాడి వివరణ చెల్లదో ఆలోచించి శాంపిల్ తీయడం అంటే అదీ. చెరువు గట్టు మీద నడవడానికి వీలైన చోట బకెట్ ముంచడం కాదు.

అదే 2012లో ఎక్స్‌పెరిమెంటల్ లేక్స్ ఏరియాను మూసేస్తున్నామని కెనడా కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. శాస్త్రవేత్తలు వీధికెక్కారు. అంటారియో, మనిటోబా ప్రభుత్వాలు ముందుకొచ్చాక 2014లో దాన్ని ఒక స్వతంత్ర సంస్థకు అప్పగించారు, ఇప్పటికీ నడుస్తోంది. షిండ్లర్ 2021 మార్చిలో చనిపోయారు. కుక్కలబండి పందేల్లో పోటీపడే మనిషి, చలిలో ఫీల్డ్‌వర్క్ ఆయనకు శిక్షలా అనిపించి ఉండదు.

ఇక మన వైపు. ‘అక్కడ 58 సరస్సులు ఇచ్చారు, ఇక్కడ చెరువులో ఫాస్ఫేట్ పోస్తే ఊరివాళ్లు నన్నే పోస్తారు’ అంటారేమో. మనకు పోయక్కర్లేదు, ఊళ్లు ఎప్పట్నుంచో పోస్తూనే ఉన్నాయి. దాన్ని ప్రయోగంగా చూడగలగడమే మీ పని. మన దగ్గర దీనికి పాత పునాది ఉంది. హైదరాబాద్ చేపల చెరువుల నాచు మీద ఎ.ఆర్. జాఫర్ పత్రం 1964లో హైడ్రోబయాలజియా పత్రికలో వచ్చింది. మూసీ నది నాచుకూ మురుగుకూ సంబంధం మీద వి. వెంకటేశ్వర్లు 1969లో, కలుషితమైన, కలుషితం కాని హైదరాబాద్ కుంటల్ని పక్కపక్కన పెట్టి ఎం. మునావర్ 1970లో అదే పత్రికలో రాశారు. ఆ మునావర్ తర్వాత కెనడా వెళ్లి మహా సరస్సుల ఫైటోప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మ నాచు) మీద పెద్ద పేరు తెచ్చుకున్నారు. ఉస్మానియా బోటనీ ల్యాబులో మైక్రోస్కోపు కింద నాచు జాతులు గుర్తుపట్టడం నేర్చుకున్న చేతులు ఈరీ, అంటారియో సరస్సుల్లోనూ పనికొచ్చాయి. ఆ నైపుణ్యం ఇప్పుడు మన విభాగాల్లో పలచబడింది. మల్టీపారామీటర్ మీటరు ముంచి అంకె రాసుకోవడం ఎవరైనా చేస్తారు, మైక్రోసిస్టిస్ ఏదో, యూగ్లీనా ఏదో, డయాటమ్‌ల్లో నిట్జ్‌షియా ఏదో చెప్పగలిగేవాళ్లు తక్కువ. అది నేర్చుకుంటే మీకు పని దొరకడం కష్టం కాదు.

మన చెరువులు కెనడా సరస్సుల్లా ఎందుకు నడవవో చూడండి. అవి లోతైనవి, చల్లవి, వాటిలోకి వచ్చేది వాన, అడవి ఆకు. మనవి లోతు తక్కువ. ఎండాకాలం సగం ఎండుతాయి, వానలకు అలుగు దూకుతాయి, ఒక్క గట్టి వానకు నీరంతా మారిపోయే చెరువులూ ఉన్నాయి. మురుగు దిగే చెరువులో నైట్రోజన్, ఫాస్ఫరస్ రెండూ కావలసినదానికంటే ఎక్కువే ఉంటాయి. అప్పుడు నాచును ఆపేది వెలుతురు. పై పొరలో నాచు చిక్కబడి కింది నాచుకు ఎండ అందనివ్వదు. అలాంటి చెరువులో ఫాస్ఫరస్‌ను సగానికి తగ్గించినా కంటికి ఏమీ తేడా తెలియకపోవచ్చు. దానికి తోడు అడుగు మడ్డి. మడ్డిలో ఇనుముతో కలిసి ఫాస్ఫరస్ కూర్చుంటుంది, అడుగున ఆక్సిజన్ అయిపోగానే ఇనుము రూపం మారి ఫాస్ఫరస్ మళ్లీ నీటిలోకి వస్తుంది. ఇంగ్లండ్ సరస్సుల మీద మార్టిమర్ 1940ల మొదట్లోనే దీన్ని చూపించాడు. హుస్సేన్‌సాగర్ లాంటి చోట నాలాను మళ్లించిన మరుసటేడు నీళ్లు తేటబడలేదని జనం విసుక్కుంటే, దశాబ్దాలుగా అడుగున పేరుకున్నది ఇంకా బాకీ తీరుస్తోందని వాళ్లకు అంకెలతో చెప్పగలిగేవాళ్లు కావాలి.

ఇప్పుడు మీ పట్టికలోని సున్నా ఫాస్ఫేట్. మీరు కొలిచింది కరిగి ఉన్న ఆర్థోఫాస్ఫేట్ మాత్రమే. పాచి దట్టంగా ఉన్న నీటిలో అది సున్నాకు దగ్గరగానే ఉంటుంది. వచ్చింది వచ్చినట్టు నాచు మింగేస్తుంది. వేసవి నీటిలో ఆర్థోఫాస్ఫేట్ నిమిషాల్లో చేతులు మారుతుందని రేడియోధార్మిక ఫాస్ఫరస్‌తో చేసిన ప్రయోగాల్లో ఎప్పుడో తేలింది. అంటే మీ ఫాస్ఫేట్ నీటిలో లేదు, పచ్చదనంలో ఉంది. ‘పోషకాల సమస్య లేదు’ అని రాసినచోట అసలు రాయాల్సింది దానికి నేరుగా వ్యతిరేకం. మీరు కొలవాల్సింది మొత్తం ఫాస్ఫరస్: నీటిని వడకట్టకుండా పర్‌సల్ఫేట్ వేసి, ఆటోక్లేవ్‌లో ఉడికించి, జీవకణాల్లో ఉన్నదంతా బయటికి తెచ్చాక అమోనియం మాలిబ్డేట్, ఆస్కార్బిక్ ఆమ్లంతో నీలం రంగు తెప్పించి 880 నానోమీటర్ల దగ్గర చదవాలి. అంతర్జాతీయంగా వాడే ఓఈసీడీ వర్గీకరణలో సగటున లీటరుకు 35 మైక్రోగ్రాములు దాటితే ఆ సరస్సు పోషకాలు మితిమీరినదే. చాలా కాలేజీల్లోని పాత కొలోరిమీటర్ అంత తక్కువను నమ్మకంగా చూపలేదు. సీసాలు, కువెట్లు సబ్బుపొడితో కడగకండి. ఈరీ గొడవకు మూలమైన ఆ ఫాస్ఫేటే మీ గాజుకు అంటుకుని మీ అంకెను పెంచుతుంది. పదిశాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి వాడండి.

ఆక్సిజన్ సంగతి కూడా అంతే. మీ శాంపిల్ టైము ఉదయం పది, పదకొండు అని రాశారు. కాలేజీ బస్సు దిగి చెరువు దగ్గరికి వెళ్తే అదే టైమవుతుంది, తెలుసు. ఆ టైములో పాచి చెరువు ఎప్పుడూ ఆరోగ్యంగానే కనిపిస్తుంది. 30 డిగ్రీల నీటిలో గాలితో సమతూకంగా నిలిచే ఆక్సిజన్ లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు. మధ్యాహ్నం పాచి దాన్ని అంతకు మించి బాగా పైకి తీసుకెళ్తుంది, రాత్రంతా అదే పాచి, దాని మీద బతికే బ్యాక్టీరియా కలిసి ఊపిరి పీల్చి తెల్లారేసరికి ఊడ్చేస్తాయి. ఒక్కసారి చీకటితోనే వెళ్లండి. ఆక్సిజన్ పరీక్షకు వాడే బీఓడీ సీసాను నీటి కిందే నింపి బుడగ లేకుండా మూత పెట్టండి. మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ పిపెట్ మొనను నీటిలో ముంచి వదలండి. మూతపెట్టి తలకిందులు చేయండి. మధ్యాహ్నపు శాంపిల్‌లో బెల్లంపాకం రంగు అవక్షేపం దిగుతుంది. తెల్లవారుజామున అదే చెరువులో అవక్షేపం తెల్లగా దిగితే ఇక టైట్రేషన్ అక్కర్లేదు, ఆక్సిజన్ లేదు. వేసవి చివర, మబ్బు పట్టి ఎండ కాయని రోజుల తర్వాత ‘చెరువులో విషప్రయోగం, చేపలు తేలాయి’ అని పేపర్లో వచ్చే వార్తల్లో చాలావాటికి ఈ తెల్ల అవక్షేపమే జవాబు. విషం కలిపాడని ఎవరి మీదో కేసు పెట్టేముందు ఇది చూసేవాడొకడు ఉండాలి.

ఉద్యోగాల సంగతి. ఈ చదువుకు కాలుష్య నియంత్రణ మండళ్లు ఉన్నాయి. 1974 నీటి చట్టంతో వచ్చిన వ్యవస్థ అది, ల్యాబ్ పోస్టులు పడతాయి, ఆలస్యంగా పడతాయి. నాగపూర్‌లో పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరీ, బారక్‌పూర్‌లో కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ, హైదరాబాద్‌లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, బెంగళూరులో చెరువుల మీద పనిచేసే పరిశోధన బృందాలు ఉన్నాయి. నెట్ పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ లేకుండా ముందుకెళ్లాలంటే ప్రాజెక్టు ఫెలోగా ఏడాదికోసారి పొడిగింపు కోసం ఎదురుచూస్తూ ఉండాలి, అది మనసును తినేస్తుంది. కాబట్టి జేఆర్‌ఎఫ్ ముందు. ప్రైవేటు కన్సల్టెన్సీల్లో పర్యావరణ ప్రభావ నివేదికలకు నీటి డేటా కావాలి. జీతం మొదట్లో మంచిగానే ఉంటుంది, అయితే వచ్చిన అంకెను వచ్చినట్టు రాయనివ్వని చోటు అని తెలిసిన రోజు బయటికి వచ్చేయండి. ఒకప్పుడు నేను పనిచేసిన ఒకచోట రిపోర్టు ముందే రాసి పెట్టుకుని శాంపిళ్లకు పంపేవారు.

గైడ్ గారి రెండు చెరువుల గురించి. ఆయనతో పోట్లాడకండి, రెండు చెరువులూ ఒప్పుకోండి, కానీ ఏ రెండో మీరు ఎంచుకోండి. ఒకటి రెండేళ్లలో మురుగు మళ్లింపో, శుద్ధి కేంద్రమో, పూడికతీతో రాబోతున్న చెరువు ఒకటి. అదే గొలుసుకట్టులో, అంతే లోతున్న, ఏ మార్పూ రాని చెరువు ఇంకోటి. మార్పుకు ముందు ఒక ఏడాదైనా రెంటినీ కొలిచి ఉండాలి, లేకపోతే తర్వాత ఏం మారిందో చెప్పలేరు. మునిసిపాలిటీ ఇంజినీరుతో, మత్స్యకార సొసైటీ ప్రెసిడెంటుతో టీ తాగండి. పని ఎప్పుడు మొదలవుతుందో టెండరు కాగితం కంటే వాళ్లకే బాగా తెలుస్తుంది. 18 అంశాల్లో సగం వదిలేయండి. మొత్తం ఫాస్ఫరస్, మొత్తం నైట్రోజన్, క్లోరోఫిల్, సెక్కీ డిస్క్ లోతు (నీటిలో దించిన పళ్లెం ఎంత లోతు దాకా కనిపిస్తుందో), తెల్లవారుజాము ఆక్సిజన్, నాచు జాతుల లెక్క, అలుగు మీదుగా ఎంత నీరు పోయింది, తూము ఎప్పుడు తీశారు. చివరి రెండూ చాలామంది రాయరు, అవి లేకపోతే ఎంత ఫాస్ఫరస్ వచ్చి ఎంత పోయిందో లెక్క తేలదు. నెలకోసారి బదులు పదిహేను రోజులకోసారి తీయండి, తొలకరి వానలప్పుడు వారానికోసారి.

మొత్తం ఫాస్ఫరస్‌కి ఆటోక్లేవ్ కొనమని డిపార్ట్‌మెంట్‌ను అడగకండి, ఫైలు కదిలేసరికి మీ ఫెలోషిప్ అయిపోతుంది. మైక్రోబయాలజీ వాళ్లది సాయంత్రం నాలుగు తర్వాత ఖాళీగానే ఉంటుంది. ల్యాబ్ అటెండర్ గారిని ముందు మంచి చేసుకోండి, తాళం ఆయన దగ్గరే ఉంటుంది.